పోలియో ఆదివారం నేను తీసిన ఫొటో

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన నలుగురూ ఒకే కథ చెప్పారు. ఉదయగిరి అవతల ఒక పల్లెలో కాన్పు అయిన అమ్మాయికి రక్తం ఆగకపోతే, ఊళ్ళు తిరిగి కాన్పులు చూసే ఒక ఏఎన్ఎమ్ ఆ అమ్మాయిని జీపులో వేసుకుని, పొట్ట మీద పెట్టిన చెయ్యి తీయకుండా నెల్లూరు దాకా తీసుకుపోయి బతికించిన కథ. ఆ ఏఎన్ఎమ్ నేనే. కథ నిజమే. నేనే పదిమందికీ చెప్పి చెప్పి అరగదీశాను కాబట్టి వాళ్ళకు నోటికి వచ్చేసింది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చుంటే వినయం అనుకున్నారు.

నాకు సిగ్గేసి తల వంచుకున్నాను. ఆ కథకు రెండో సగం ఒకటి ఉంది. సభలో ఉన్నవాళ్ళలో చాలామందికి అది కూడా తెలుసు. మర్యాద కొద్దీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగాల్లోకి వచ్చిన మీలాంటి పిల్లల కోసం నేనే ఎత్తుతున్నాను. మా కాలంలో మేమెంత కష్టపడ్డామో అనే పాట మీరు ఇప్పటికే చాలామంది దగ్గర విని ఉంటారు. నేనూ పాడేదాన్ని, బాగానే పాడేదాన్ని. ఇది మాత్రం ఆ పాట కాదు.

ముందు ఆ కాన్పు సంగతి. అమ్మాయికి ఇరవై ఏళ్ళు. పదో తరగతి పాసైంది, బడిలో ఖోఖో ఆడింది, బోరు దగ్గర నుంచి రెండు బిందెలు ఒకేసారి మోసుకొచ్చేది. భర్త తాపీ మేస్త్రి. అత్త ఆ ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, మాట కరుకు, మనసు మంచిది. నొప్పులు మొదలైన గంటకే ఇంట్లో నా చేతుల మీదే కాన్పు అయిపోయింది. ఆడపిల్ల. మాయ కూడా పడింది గానీ రక్తం ఆగలేదు. పరిచిన పాత చీరలు మూడు తడిసిపోయాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. ఊళ్ళో ఒక పెద్ద రైతు జీపు ఉంటే అడిగి ఎక్కించాను. వెనక సీట్లో అత్త ప్రార్థన చేస్తూనే ఉంది. నేను ఒక చేత్తో పొట్ట నొక్కుతూ, ఇంకో చేత్తో నాడి చూస్తూ, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఆత్మకూరులో సెలైన్ పెట్టించి, అక్కడి నుంచి నెల్లూరు. బాటిళ్ళ మీద బాటిళ్ళు రక్తం ఎక్కించారు. మూడో రోజు కళ్ళు తెరిచి "పాప ఏది?" అని అడిగింది. నేను ఆసుపత్రి వరండాలోకి వచ్చి ఏడ్చాను.

నలభై రోజుల తర్వాత ఇంటికి పోతే పాప డబ్బా పాలు తాగుతోంది. "చుక్క పాలు కూడా పడలేదమ్మా" అంది అత్త. "అంత రక్తం పోయినాక పాలు యాడినుంచి వస్తాయి, బతికి బట్టకట్టింది, అదే చాలు" అని నేనే సర్దిచెప్పాను. కార్డులో తల్లీబిడ్డ క్షేమం అని రాసి సంతకం పెట్టాను. చేతిరాత బాగా కుదిరిందని కూడా గుర్తు.

రెండేళ్ళకు నాకు సూపర్‌వైజర్‌గా ప్రమోషన్ వచ్చింది. అప్పుడే ఆ ఊళ్ళో ఆశా కార్యకర్త పోస్టు ఖాళీ అయింది. ఊరి పెద్దల్లో ఒకాయన తన కోడలికి ఇప్పించాలని చూశాడు. నేను పట్టుబట్టి ఈ అమ్మాయికి ఇప్పించాను. చావు నోట్లోంచి లాక్కొచ్చిన పిల్ల, చలాకీ మనిషి, చదువుంది, నాది పూచీ అన్నాను. పూచీ అనే మాటకు ఇంత బరువుంటుందని అప్పుడు తెలియదు.

ఆరు నెలలు తిరగకముందే తేలిపోయింది. ఆ పిల్ల ఏ పనీ టైముకు చేయదు. గర్భిణుల ఇళ్ళకు పొమ్మంటే రెండిళ్ళు పోయి మూడో ఇంటి అరుగు మీద కూర్చుండిపోతుంది. మీటింగుకు చివరికి వస్తుంది, గోడకు చేరగిలబడుతుంది, కళ్ళు మూతలు పడతాయి. మాటా నెమ్మదే, నడకా నెమ్మదే. మా ఉదయగిరి కొండ కింద మే నెల ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో ఆమె స్వెట్టర్ వేసుకుని వచ్చేది. అందరూ చీర కొంగులతో విసురుకుంటుంటే ఆమె స్వెట్టర్ గుండీలు పెట్టుకునేది. నేను ఆమెకు 'పల్లెవెలుగు' అని పేరు పెట్టాను. ఆ బస్సులాగా ప్రతి స్టేజీలోనూ ఆగుతుందని. ఆ పేరు పీహెచ్‌సీ అంతా పాకింది. డ్రైవరు కూడా అదే పిలిచేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. నేను నలభై ఏళ్ళు తెల్లారి నాలుగున్నరకే లేచినదాన్ని. అలారం పెట్టుకున్నది లేదు. లేచి, వంట చేసి, ఆత్మకూరు నుంచి మొదటి బస్సు పట్టుకుని, ఎనిమిదికి ముందే పల్లెలో ఉండేదాన్ని. అది నా పట్టుదల అనీ, నా పెంపకం అనీ, మా నాయన క్రమశిక్షణ అనీ అనుకునేదాన్ని. లేవలేనివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మనిషికి కాళ్ళూ చేతులూ ఉన్నాక చేయలేకపోవడం ఏమిటి, చేయకపోవడం తప్ప?

మా ఆశా మీటింగుల్లో నేను పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఆ నెలలో అందరికంటే తక్కువ పని చేసినవాళ్ళు లేచి నిలబడి, ఎందుకు చేయలేదో సొంత నోటితో చెప్పాలి. కాగితం మీద రాసిస్తే కుదరదు. సిగ్గుపడితేనే మనిషి మారుతుందని నా సిద్ధాంతం. ఈ పద్ధతి మంచిదని పై ఆఫీసరు ఒకసారి మెచ్చుకున్నారు కూడా.

మొదట్లో ఆమె లేచి, "ఒంట్లో బాగాలేదు మేడమ్" అనేది.

"ఏం బాగాలేదు? జ్వరమా?"

"కాదు మేడమ్."

"నొప్పా?"

"నొప్పి కాదు మేడమ్. ఏమో, కాళ్ళు రావు."

"కాళ్ళు రాకపోతే ఈడికెట్లా వచ్చినావు? ఎత్తుకొచ్చినారా?"

అందరూ నవ్వేవాళ్ళు. ఒకసారి "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అని కూడా అన్నాను. నిజానికి ఆమె తిండికి తిమ్మరాజు కూడా కాదు. మధ్యాహ్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని, మూసేసేది. నేను ఎదురుగా కూర్చుని అది చూస్తూనే ఆ సామెత వాడాను.

కొన్ని నెలలకు ఆమె జవాబు మార్చింది. లేచి నిలబడి, ఎవరూ అడగకముందే, "బద్ధకం మేడమ్" అనేది. "ఒప్పుకున్నావు, మంచిది, కూర్చో" అనేదాన్ని. ఆ మాట అంటే త్వరగా కూర్చోబెడతానని ఆమె కనిపెట్టింది. నేను మాత్రం నా సిద్ధాంతం పనిచేస్తోందని సంతోషించాను.

ఆ ఊరి ఏఎన్ఎమ్ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నెమ్మదస్తురాలు. ఆమె ఒక్కతే ఒకసారి నాతో పక్కకు వచ్చి చెప్పింది. "మేడమ్, ఆ పిల్లకి ఏందో ఉండాది. మొగం ఉబ్బి తెల్లగా పాలిపోయి ఉండాది. కనుబొమ్మలు కూడా రాలిపోతా ఉండాయి, చూసినారా?"

"కనుబొమ్మలు రాలితే పనిచేసేదానికి ఏం అడ్డం?" అన్నాను. అయినా మాట పడకూడదని ఆత్మకూరులో ఉచిత శిబిరం పెట్టినప్పుడు ఆమెను తీసుకుపోయి థైరాయిడ్ పరీక్ష చేయించాను. టీఎస్‌హెచ్ ఒక్కటే చూశారు. నార్మల్ అని వచ్చింది. ఆ కాగితం మీటింగులో అందరికీ చూపించాను. "చూడండి, జబ్బు లేదంట. ఇంక మిగిలింది ఏందో మీరే చెప్పండి" అన్నాను. ఆమె కూడా ఆ కాగితం వైపు చూసింది. తన మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.

ఇంకొక కాగితం కూడా ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. మా దగ్గర దంపతుల రిజిస్టరు ఒకటి ఉంటుంది. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ప్రతి ఇల్లాలి పేరూ అందులో ఉంటుంది. కుటుంబ నియంత్రణ లెక్క కోసం ఎంతమంది పిల్లలు, ఆపరేషన్ అయిందా, ముట్లు వస్తున్నాయా అని రాస్తారు. ముట్లు ఆగిపోయినవాళ్ళ పేరు మీద గీత పెడతారు, ఇక వాళ్ళతో పని లేదని. ఆ రిజిస్టరులో ఈమె పేరు మీద గీత ఉంది. ఎదురుగా 'ముట్లు ఆగినవి' అని ఆమె చేతిరాతే ఉంది. వయసు ఇరవై ఆరు అని ఉంది. కింద తనిఖీ చేసినట్టు నా సంతకం ఉంది. మన వైపు ముప్పై రాకముందే గర్భసంచి తీయించుకునేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఈమె కూడా అట్లా తీయించుకుంది కాబోలు అనుకుని, ఒక పేరు తగ్గిందని పేజీ తిప్పేశాను. అడగలేదు. ఊరంతా తిరిగి ఆడవాళ్ళను ఈ ప్రశ్నలే అడగడం మా ఉద్యోగం. మా ఆశాను మాత్రం మేమెవరమూ అడగలేదు.

అట్లా ఆరేళ్ళు గడిచాయి. మూడు మెమోలు ఇచ్చాను. 'పని పట్ల శ్రద్ధ లేదు' అని మూడింటిలోనూ ఒకే వాక్యం. ఇంకొక్కటి పడితే పోస్టు పోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పోస్టు పోతే ఇంట్లో తన స్థానం ఏమిటో అనే భయం ఆమెకు ఉండేదని తర్వాత వాళ్ళ అత్త చెప్పింది.

పల్స్ పోలియో ఆదివారం వచ్చింది. ముందు రోజు సాయంత్రం ఏఎన్ఎమ్ ఫోన్ చేసి, "మేడమ్, ఆ పిల్లకి రెండు రోజుల నుంచి జొరం, వాంతులు. రేపు బూత్‌లో ఇంకెవరినన్నా పెడదామా?" అని అడిగింది.

"ప్రతి పోలియోకీ ఎవురో ఒకరికి జొరం వస్తాది. పారాసిటమాల్ వేసుకోని రమ్మను" అన్నాను.

వచ్చింది. చెప్పాను కదా, ఇంకొక్క మెమో పడితే పోస్టు పోతుంది. తొమ్మిదింటికి నా జీపు ఆ ఊరి బడి దగ్గర ఆగింది. బడి వరండాలో బల్ల మీద బ్యానర్ ఉంది, వేలికి గుర్తు పెట్టే మార్కరు ఉంది, వ్యాక్సిన్ పెట్టె మూత సగం తెరిచి ఉంది. చంకలో పిల్లలతో తల్లులు నిలబడి ఉన్నారు. ఆమె గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. స్వెట్టర్ వేసుకునే ఉంది.

భుజం పట్టుకుని ఊపాను. కళ్ళు తెరవలేదు. "లేస్తా మేడమ్" అంది. ఎంతో దూరం నుంచి వచ్చినట్టు ఉంది ఆ గొంతు. లేవలేదు.

మూత తెరిచిన పెట్టెలో మందు పాడైపోతుందన్న కోపం ఒకటి, అంతమంది తల్లుల ముందు నేనిప్పించిన మనిషి నా పరువు తీస్తోందన్న కోపం ఇంకొకటి. ఫోన్ తీసి ఫొటో తీశాను. గోడ, బ్యానరు, తెరిచిన పెట్టె, నిద్రపోతున్న మనిషి, అన్నీ పడేట్టు రెండడుగులు వెనక్కి వేసి మరీ తీశాను. మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'మన ఊళ్ళో పోలియో డ్యూటీ ఇలా జరుగుతోంది' అని రాశాను. నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. అంగన్‌వాడీ టీచరును బూత్‌లో కూర్చోబెట్టాను. "ఈమెను ఇంటికి పంపేయండి" అని చెప్పి జీపెక్కి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఆమెను తీసేయమని సిఫారసు రాసి, దాన్ని కూడా ఫొటో తీసి మెడికల్ ఆఫీసరుకు పంపాను. అంతా కలిపి పది నిమిషాలు పట్టింది. పనిలో నేను అంత చురుకు.

మధ్యాహ్నం రెండు ఊళ్ళ అవతల ఉండగా ఏఎన్ఎమ్ ఫోన్ వచ్చింది. "మేడమ్, ఆ పిల్ల లేవడంల్యా. పిలిస్తే పలకడంల్యా. బండిలో ఆత్మకూరు తీసకపోతా ఉండాం."

నేనూ వెనకే పోయాను. జాలితో పోయానని చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం. డ్యూటీలో ఉన్న ఆశాకు ఏమైనా అయితే రిపోర్టు రాయాల్సింది నేనే. అందుకు పోయాను.

ఆత్మకూరు ఆసుపత్రిలో ఆ రోజు డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. నా కొడుకు కంటే చిన్నవాడు. బీపీ అందీ అందనట్టుంది, షుగరు బాగా పడిపోయింది. సెలైను, గ్లూకోజు పెడుతూ, "ముందు నుంచి జబ్బులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. అత్త ఏడుస్తోంది. నేనే చెప్పాను.

"ఏం లేవు సార్. థైరాయిడ్ కూడా చూపించాం, నార్మల్. కొంచెం బద్ధకం మనిషి, అంతే."

అతను నా వైపు చూడలేదు. ఆమె కనుబొమ్మలు వేలితో తడిమాడు. చెయ్యి పైకెత్తి చంక చూశాడు. ఒక్క వెంట్రుక లేదు. అప్పుడు మూడు ప్రశ్నలు అడిగాడు.

"కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా?"

"పోయింది సార్. చాలా పోయింది" అన్నాను.

"ఆ తర్వాత పాలు పడ్డాయా?"

"పడలేదు సార్."

"ముట్లు?"

రిజిస్టరులో గీత కళ్ళ ముందుకు వచ్చింది. "ఆగిపోయినాయి సార్."

అతను తలెత్తాడు. "మీరు ఆమెకు ఏమవుతారు? ఇవన్నీ మీకెట్లా తెలుసు?"

"సూపర్‌వైజర్‌ని సార్. ఆ కాన్పు చేసింది నేనే."

అతను నర్సును పిలిచి రక్తం తీయించి, పరీక్షల ఫలితం కోసం ఆగకుండా ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పించాడు. ఆలస్యమైతే దక్కదన్నాడు. ఇంతలో ఆమె భర్త సోమశిల దగ్గర పని వదిలేసి బండి మీద వచ్చాడు. ఏం జరిగిందని డాక్టరు అడిగితే, జేబులోంచి ఫోన్ తీసి, "పొద్దున్నే ఇట్లా ఉండాదంట సార్" అని నేను తీసిన ఫొటో చూపించాడు. అప్పటికే అది ఊళ్ళు దాటి అతని దాకా పోయింది. ఎవరు తీశారో అతనికి తెలియదు.

డాక్టరు ఫొటోను పెద్దది చేసి చూశాడు. "ఇది నిద్ర కాదు. స్పృహ తప్పుతోంది. ఎవరు తీశారిది?"

"నేనే" అన్నాను.

"మీ బ్యాగులో బీపీ మిషను ఉంటుంది కదా?"

"ఉంది సార్."

అంతకంటే ఎక్కువ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా బ్యాగు నా భుజానికే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె కళ్ళు తెరిచింది. మంచం మీద కూర్చుని ఇడ్లీ అడిగింది. మా కోడలు నోరు తెరిచి తిండి అడగడం ఎనిమిదేళ్ళలో ఇదే మొదలని అత్త చేతులు జోడించింది. తర్వాత నెల్లూరులో పరీక్షలన్నీ చేసి ఆత్మకూరులో అనుమానించిన జబ్బే అని తేల్చారు. ఆ కుర్ర డాక్టరు నన్ను కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. ఆ ఓపిక నాకు ఎవరి పట్లా ఎప్పుడూ లేదు. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోతే, అక్కడికి రక్తం అందక అది చచ్చిపోవచ్చు. ఒంట్లో మిగతా గ్రంథులకు ఆర్డర్లు పోయేది అక్కడి నుంచే. పాలు పడమని, ముట్లు రమ్మని, ఒంట్లో వేడి పుట్టించమని, జబ్బు వస్తే తట్టుకోమని.

"బోరులో నీళ్ళున్నాయి మేడమ్. మోటారు స్విచ్ వేసే మనిషి లేడు" అన్నాడు.

"మరి థైరాయిడ్ నార్మల్ అని వచ్చింది కదా సార్?"

"మీరు చూపించిన టీఎస్‌హెచ్ ఆ గ్రంథి పంపే ఆర్డరే. ఆర్డరు వేసేవాడే మంచాన పడితే, ఆ కాగితం చూసి ఏం తెలుస్తుంది? థైరాయిడ్ రసం కూడా చూసి ఉంటే తెలిసేది." ఆగి ఇంకో మాట కూడా అన్నాడు. "పొద్దున తెల్లారేసరికి మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది ఉంటేనే లేవగలం. లేవాలనిపించడం, తినాలనిపించడం, పని మీద ఆశ పుట్టడం, ఇవన్నీ మన గుణాలు అనుకుంటాం. కొంత గుణమే కావచ్చు. కానీ కింద పొయ్యిలో నిప్పు లేకుండా గుణం ఒక్కటే ఏం ఉడికిస్తుంది?"

నా నాలుగున్నర గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు దాన్ని పతకంలా తగిలించుకుని తిరిగాను. నా శనగగింజ బాగుండబట్టి నేను లేచాను. ఆమె శనగగింజ నేను చేసిన కాన్పులో, నా కళ్ళ ముందే, నా చేతుల కింద చచ్చిపోయింది. దానికి ఎవరూ ఏమీ చేయగలిగేవాళ్ళు కాదని డాక్టరు అన్నాడు. నమ్ముతాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు మాత్రం ఆ మాట వర్తించదు. నేను నా రక్షణ కథను ఎంత బాగా దాచుకున్నానంటే, అందులోని మనిషిని మళ్ళీ చూడలేదు. కథ ఆసుపత్రి వరండాలో నా ఏడుపుతో ముగిసింది. ఆమెకు అక్కడి నుంచే మొదలైంది.

పోలియో తర్వాతి బుధవారం నా సిఫారసు వెనక్కి తీసుకుంటానని మెడికల్ ఆఫీసరు దగ్గరికి పోయాను. ఆయన ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు.

"మూడు మెమోలూ మీవే కదమ్మా. ఇప్పుడు జబ్బు అంటే, అప్పుడు మీరేం చూసినారని పైన అడుగుతారు."

"అడగనీయండి సార్. చెప్తాను."

"మీరు చెప్తారు. నేనేం చెప్పాల? పైగా ఆ ఊరి పెద్దాయన తన కోడలి కోసం ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసినాడు. ఆ ఫొటో మండలం అంతా చూసింది."

పై ఆఫీసుకు కూడా రాశాను. తప్పు నాదని రాశాను, ఈసారి చేతిరాత వంకరగా వచ్చింది. జవాబు రాలేదు. నెలలోపల పోస్టు నిండిపోయింది. ఆరేళ్ళు నేను రాసిన రాతలు అంత గట్టివి. నేనే వెళ్ళి చెరపబోయినా చెరగలేదు. ఆశా మీటింగులో నిలబెట్టే పద్ధతి మాత్రం ఆపేశాను. ఎందుకు ఆపానో ఒకసారి లేచి నిలబడి, సొంత నోటితో చెప్పాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఆమె ఇంటికి పోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. భయం. ఒక ఆదివారం పొద్దున పోయాను. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేసింది. గబగబా అన్న మాట ఆమె గురించి రాస్తానని నేననుకోలేదు. మొహంలో ఉబ్బు తగ్గి, కాన్పుకు ముందు నేను చూసిన పిల్ల పోలికలు బయటపడ్డాయి. స్వెట్టర్ లేదు. రోజూ మాత్రలు వేసుకుంటోంది, జీవితాంతం వేసుకోవాలి. కొండాపురం వైపు పొగాకు గ్రేడింగు పనికి పోతోందట.

ఆలోచించుకుని పోయిన మాటలన్నీ మర్చిపోయాను. "నన్ను క్షమించు" అని మాత్రం అన్నాను.

"అయ్యో, ఏంది మేడమ్ అట్లంటారు. మీరే గదా బతికించింది" అంది.

"ఆ మాట అనొద్దు. నీ పోస్టు నేనే తీసినాను. నీ ఫొటో నేనే పెట్టినాను. అందర్లో నిన్ను నిలబెట్టి నవ్వించినాను."

ఆమె గడప మీద కూర్చుంది. తర్వాత మెల్లగా అంది. "పోస్టు సంగతి పోనీయండి మేడమ్, పని ఏదో ఒకటి దొరికింది. ఫొటోకి కూడా కొన్నాళ్ళు ఏడ్చి మానుకున్నా. మీరు బద్ధకం అంటే నేనూ నమ్మినాను, అదొక్కటే బాధ. హెల్త్ వాళ్ళు, మీకు తెలీదా అనుకున్నా. చర్చిలో లేచి నా సోమరితనం పోవాలని ప్రార్థన చెయ్యండి అని అడిగేదాన్ని. ఇంట్లో పాప వచ్చి ఒళ్ళో కూర్చుంటే, పో, అవ్వ దగ్గరికి పో అని తోసేసేదాన్ని. ఎత్తుకోవాలని అనిపించేదే కాదు మేడమ్. కన్నతల్లికి ఎందుకు అనిపించదు, నేను మనిషినేనా అనుకునేదాన్ని. ఇప్పుడు అనిపిస్తా ఉండాది. పొద్దున లేచినకాడి నుంచి అనిపిస్తా ఉండాది."

అప్పుడే లోపలి నుంచి పాప వచ్చింది. ఎనిమిదేళ్ళది, చర్చికి పోవడానికి కొత్త గౌను వేసుకుని, చేతిలో దువ్వెన, రెండు రిబ్బన్లు పట్టుకుని ఉంది. తల్లి మొహం వెలిగింది. చెయ్యి చాచి, "రా మే, జడలు నేనేస్తా" అంది.

పాప ఆగి తల్లి వైపు చూసింది. కోపంగా కాదు, ఎంతో దయగా, పెద్దవాళ్ళు జబ్బు మనిషికి చెప్పినట్టు చెప్పింది. "వద్దులేమా. నువ్వు పడుకో."

పోయి అవ్వ ముందు కూర్చుంది. తల్లి తను చాచిన చెయ్యిని మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. రెండో జడకు రిబ్బను కట్టేదాకా మేమిద్దరం ఆ అవ్వ చేతుల వైపే చూస్తూ కూర్చున్నాం.